చిన్నమెదడుకు ప్రేరణ: టీడీసీఎస్, టీఎంఎస్, వట్టి సాధన... ఎవరికి ఏది?

నడక తూలుతున్న తండ్రి కోసం, పక్షవాతం తర్వాత నిలదొక్కుకోలేకపోతున్న తల్లి కోసం వెతికేవాళ్లకు ఏదో ఒక రోజు ఈ మాట తగులుతుంది: తల వెనక భాగంలో కొద్దిపాటి కరెంటో (టీడీసీఎస్), అయస్కాంత తరంగాలో (టీఎంఎస్) పంపితే చిన్నమెదడు చురుకై కదలికలు మెరుగవుతాయని. ఆపరేషన్ లేదు, మందు లేదు, కోత లేదు. ఆశ పుట్టడం సహజం. ఆ ఆశతోనే కొందరు పెద్ద మొత్తాలు కట్టేస్తారు, ఇంకొందరు ఆన్‌లైన్‌లో పరికరం కొనేస్తారు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పక్షవాతం తర్వాత నిలకడ దెబ్బతిన్నవారికి, ఫిజియోథెరపీకి ముందు చిన్నమెదడు మీద ఇచ్చే థీటా బర్స్ట్ టీఎంఎస్ (తరంగాలను గుత్తులుగా పంపే పద్ధతి) గురించి డాక్టరును తప్పక అడగవచ్చు. వంశపారంపర్య అటాక్సియా (కదలికల సమన్వయం తప్పి నడక తూలే జబ్బు) ఉన్నవారికి మొదటి చికిత్స వ్యాయామ సాధనే. టీడీసీఎస్ దానికి తోడుగా, అదీ ఆస్పత్రిలోనో పరిశోధనలోనో. ఏ జబ్బూ లేకుండా వీణో, కూచిపూడో, బ్యాడ్మింటనో త్వరగా వచ్చేయాలని అనుకునేవారు దీని మీద రూపాయి కూడా పెట్టనక్కర్లేదు. ఎందుకంటున్నానో వివరంగా చూద్దాం.

చిన్నమెదడు ఎలా నేర్చుకుంటుంది

పక్కింటివాళ్ల స్కూటర్ తీసుకెళ్లారనుకోండి. దాని బ్రేకు మీ బండిదాని కంటే గట్టిగా పట్టేస్తుంది. మొదటిసారి నొక్కగానే ఒక్క కుదుపుతో ఆగుతుంది. నాలుగో మలుపుకల్లా వేళ్ల ఒత్తిడి దానంతటదే తగ్గుతుంది. ఎవరూ చెప్పలేదు, మీరూ లెక్కలు వేయలేదు. తిరిగి మీ బండెక్కితే కాసేపు బ్రేకు సరిగా పడటం లేదనిపిస్తుంది. అనుకున్నదానికీ జరిగినదానికీ మధ్య తేడాను పట్టుకుని మరుసటి కదలికను సరిదిద్దడం ప్రధానంగా చిన్నమెదడు పని. పరిశోధకులు దీన్నే అడాప్టేషన్ అంటారు.

మొత్తం మెదడులో పదో వంతు పరిమాణమే అయినా, సుమారు 8,600 కోట్ల న్యూరాన్లలో 6,900 కోట్ల దాకా చిన్నమెదడులోనే ఉంటాయి. దాని పై పొర నుంచి బయటికి వెళ్లే ఏకైక దారి పర్కింజీ కణాలు. అవి లోపలి కేంద్రకాలకు పంపేది ‘ఆగు’ అనే సంకేతం. పొరపాటు జరిగిందన్న కబురు మెదడు కాండంలోని ఆలివ్ కేంద్రకం నుంచి ఈ కణాలకు చేరుతుంది, ఆ కబురును బట్టి వాటి అనుసంధానాలు మారతాయి. 1969లో డేవిడ్ మార్, 1971లో జేమ్స్ ఆల్బస్ ప్రతిపాదించిన ఈ ఆలోచనకు ప్రయోగాల బలం ఇచ్చినవారు జపాన్‌కు చెందిన మసావో ఇటో.

చిన్నమెదడు పెద్దమెదడును అదుపు చేయడాన్ని మనుషుల్లో బయటి నుంచే కొలవవచ్చు. 1995లో ఉగావా బృందం చూపిన పద్ధతి ఇది: పెద్దమెదడులో చేతిని కదిలించే భాగం మీద అయస్కాంత తరంగం ఇస్తే చేతి కండరం చిన్నగా అదురుతుంది. దానికి 5 నుంచి 7 మిల్లీసెకన్ల ముందు చిన్నమెదడు మీద ఇంకో తరంగం ఇస్తే ఆ అదురు తగ్గుతుంది. ఈ తగ్గుదలను సీబీఐ అంటారు. ప్రేరణ చిన్నమెదడును నిజంగా తాకిందో లేదో పట్టుకోవడానికి ఇంతకంటే నేరుగా కొలిచే సాధనం ఇప్పటికీ పెద్దగా లేదు.

ఎంపికకు పనికొచ్చే మరో సంగతి. పెద్దమెదడు కుడి సగం ఎడమ చేతిని కదిలిస్తుంది. చిన్నమెదడు అలా కాదు. కుడి సగం కుడి చేతినే చూసుకుంటుంది. ఏ వైపు పెడుతున్నారో, ఎందుకో చెప్పలేని చోట చికిత్స చేయించుకోకండి.

టీడీసీఎస్: చవక, తేలిక, ఫలితం మాత్రం నిలకడగా లేదు

ఇది బ్యాటరీతో నడిచే చిన్న పెట్టె. రెండు తడి స్పాంజి ఎలక్ట్రోడ్లు ఉంటాయి. తల వెనక మధ్యలో చేతికి తగిలే ఎముక బుడిపె నుంచి పక్కకు 3 సెంటీమీటర్ల దూరంలో ఒకటి పెడతారు. రెండోది సాధారణంగా అదే వైపు బుగ్గ మీద. 2 మిల్లీఆంపుల కరెంటు 15 నుంచి 25 నిమిషాల పాటు ప్రవహిస్తుంది. మొదట చురచుర, కొంచెం దురద, తర్వాత చర్మం ఎర్రబడటం, చాలామందికి ఇంతే.

మన ఇళ్లలో ఒక చిన్న విషయం దీన్ని పాడు చేస్తుంది, అది తలనూనె. నూనె పట్టిన జుట్టు మీద ఉప్పునీటి స్పాంజి పెడితే కరెంటు చర్మానికి సరిగా అందదు. పెట్టె మీద నిరోధం ఎక్కువని చూపిస్తుంది, ఇంకా ఉప్పునీళ్లు పోస్తే అవి మెడ మీదుగా జాకెట్టులోకి కారిపోతాయి. స్పాంజి చుట్టూ తడి పరుచుకుంటే కరెంటు ఎక్కడికి పోతుందో చెప్పలేం. పైగా జడ ముడి పడేది సరిగ్గా ఎలక్ట్రోడ్ పెట్టాల్సిన చోటే. అందుకే ముందురోజు తలంటుకుని, నూనె రాయకుండా, జడను పక్కకు పాయలుగా తీసి రావాలి. ఈ మాట ముందే చెప్పే చోట పని తెలిసిన మనుషులు ఉన్నారని నమ్మవచ్చు.

ఇక సాక్ష్యం. 2009లో గాలియా, సెల్నిక్ బృందం టీడీసీఎస్‌తో సీబీఐని మార్చవచ్చని చూపింది: ధనాత్మక ఎలక్ట్రోడ్ చిన్నమెదడు మీద ఉంటే అది పెరిగింది, రుణాత్మకమైతే తగ్గింది. 2011లో అదే పరిశోధకులు అందరి దృష్టినీ ఆకర్షించిన ప్రయోగం చేశారు. తెర మీద చుక్క చేతి దిశకు కాస్త తిరిగి కదిలేలా పెట్టి, ఆ తేడాను సరిదిద్దుకోమన్నారు. చిన్నమెదడుకు ధనాత్మక ప్రేరణ ఇచ్చినవారు త్వరగా సరిదిద్దుకున్నారు. పెద్దమెదడు కదలిక కేంద్రానికి ఇచ్చినవారు త్వరగా నేర్చుకోలేదు, కానీ నేర్చుకున్నదాన్ని ఎక్కువసేపు నిలుపుకున్నారు. నేర్చుకోవడం ఒకచోట, నిలుపుకోవడం ఇంకోచోట. ఎంత చక్కగా కుదిరిందో చూడండి. 2012లో రెండు పట్టీలు వేర్వేరు వేగాల్లో తిరిగే ట్రెడ్‌మిల్ మీద నడకలోనూ ఇలాంటి ఫలితమే వచ్చింది. 2015లో కాంటరెరో బృందం మూడు రోజుల సాధనలో పొరపాట్లు తగ్గాయని చెప్పింది.

తర్వాత అదే గాలియా, బర్మింగ్‌హామ్‌లో జలాలీ, మియాల్‌లతో కలిసి 2017లో వరుసగా ప్రయోగాలు చేసి, ఆ ప్రభావం నిలకడగా కనిపించడం లేదని ప్రకటించారు. సొంత ఫలితాన్నే మళ్లీ పరీక్షకు పెట్టి, నిలవలేదని బహిరంగంగా చెప్పడం నాకు చాలా గౌరవం కలిగించే విషయం. కనురెప్ప ప్రతిక్రియ నేర్పే ప్రయోగంలోనూ ఇదే కథ: 2014లో పెద్ద ప్రభావం కనిపించింది, 2017లో ఎలక్ట్రోడ్ల స్థానాలు మార్చి చూసినా దొరకలేదు.

ఎందుకిలా? నెత్తి మీద పెట్టిన కరెంటులో చాలా భాగం లోపలికి వెళ్లనే వెళ్లదు. 2018లో మృతదేహాల మీద కొలిచినప్పుడు దాదాపు 75 శాతం చర్మం, పుర్రెల దగ్గరే తగ్గిపోయిందని తేలింది. లోపలికి చేరిన కాస్త కరెంటూ చిన్నమెదడు దగ్గర అందరిలో ఒకేలా పనిచేయదు. చిన్నమెదడు పై పొరను మడతలన్నీ విప్పి పరిస్తే పెద్దమెదడు పై పొర విస్తీర్ణంలో 80 శాతం దాకా వస్తుంది. అంత విస్తీర్ణం అంత చిన్న చోట ఇమడాలంటే మడతలు ఎంత బిగుతుగా ఉండాలో ఊహించుకోండి. ఒకే కరెంటు ఒక మడతలో కణాన్ని రేపితే పక్క మడతలో అణుస్తుంది. ధనాత్మకం అంటే ఉత్తేజం, రుణాత్మకం అంటే నిరోధం అన్న నియమాన్ని పెద్దమెదడు నుంచి తెచ్చి ఇక్కడ అతికించారు. ఇక్కడ అది నిలవదు. అందుకే ఒకరికి ఫలితం వచ్చింది కాబట్టి మనకూ వస్తుందని లెక్క వేసుకోకూడదు.

అటాక్సియా రోగుల్లో పరిస్థితి కొంచెం వేరు. ఇటలీలోని బ్రెషాలో బెనుస్సీ, బొర్రోనీ బృందం ఒక ఎలక్ట్రోడ్‌ను చిన్నమెదడు మీద, రెండోదాన్ని నడుము దగ్గర వెన్ను మీద పెట్టి, వారానికి 5 రోజుల చొప్పున రెండు వారాలు, రోజుకు 20 నిమిషాలు ఇచ్చింది. 2018లో 20 మందితో చేసిన పరీక్షలో ఉత్తుత్తి ప్రేరణ (పోల్చి చూడటానికి ఇచ్చినట్టు నటించేది) కంటే అసలు ప్రేరణకే అటాక్సియా స్కోర్లు, నడక వేగం, చేతి పని మెరుగయ్యాయి. కొంత ప్రభావం మూడు నెలల దాకా నిలిచింది. 2021లో 61 మందితో చేసిన అధ్యయనమూ అదే దిశలో ఉంది. కానీ నెదర్లాండ్స్‌లో ఎస్‌సీఏ3 (వంశపారంపర్య అటాక్సియాలో ఒక రకం) రోగులు 20 మందితో చేసి 2022లో ప్రచురించిన పరీక్షలో, రెండు వారాల తర్వాత ప్రధాన స్కోరులో ఉత్తుత్తి ప్రేరణకూ అసలుదానికీ తేడా రాలేదు. ఆరోగ్యవంతులతో చేసిన ప్రయోగాలే ఇంత అస్థిరంగా ఉంటే, పర్కింజీ కణాలు క్రమంగా చనిపోతున్న మెదడులో ఫలితం మనిషికో తీరుగా ఉండటంలో వింత లేదు.

టీఎంఎస్: యంత్రం పెద్దది, పట్టు కూడా గట్టిది

తల దగ్గర పెట్టే తీగచుట్టలో (కాయిల్) ఒక్కసారిగా పుట్టి పోయే అయస్కాంత క్షేత్రం మెదడులో నేరుగా కరెంటు పుట్టిస్తుంది. టీడీసీఎస్ కణాల స్థితిని కాస్త అటూ ఇటూ జరుపుతుంది, టీఎంఎస్ అవి సూటిగా సంకేతం పంపేలా చేస్తుంది. 1985లో షెఫీల్డ్‌లో బార్కర్ బృందం దీన్ని మొదట చూపింది. చిన్నమెదడు కోసం వాడే పద్ధతుల్లో ముఖ్యమైనది థీటా బర్స్ట్: సెకనుకు 50 చొప్పున మూడేసి తరంగాల గుత్తులు, సెకనుకు 5 గుత్తులు. రెండు సెకన్లు ఇచ్చి ఎనిమిది సెకన్లు ఆపుతూ 600 తరంగాలు పంపితే దాదాపు మూడుంపావు నిమిషాల్లో అయిపోతుంది. దీన్ని ఐటీబీఎస్ అంటారు. ఆపకుండా 40 సెకన్లలో అన్నీ పంపేస్తే అది సీటీబీఎస్. రోమ్‌లో కోఖ్ బృందం 2020లో చేసిన ప్రయోగంలో మొదటిది చూపు-చేతి సమన్వయ అభ్యాసాన్ని మెరుగుపరిచింది, రెండోది దెబ్బతీసింది. ప్రేరణ చేసే తీరును బట్టి ఫలితం తలకిందులవుతుందని అర్థం. కాబట్టి ‘చిన్నమెదడుకు టీఎంఎస్ ఇస్తాం’ అంటే సరిపోదు. ఏ పద్ధతి, ఎన్ని తరంగాలు, ఏ వైపు అని అడగాలి.

రోమ్‌లోని సాంతా లూచియా సంస్థలో కోఖ్ బృందం 2019లో ప్రచురించిన పరీక్షను ప్రత్యేకంగా చెప్పాలి. పక్షవాతం వల్ల ఒక వైపు బలహీనపడిన 36 మందిని తీసుకుని, బలహీనమైన వైపున్న చిన్నమెదడు సగానికి రోజూ ఐటీబీఎస్ ఇచ్చి, వెంటనే ఫిజియోథెరపీ చేయించారు. మూడు వారాలు ఇలా సాగింది. 56 మార్కుల బెర్గ్ నిలకడ పరీక్షలో అసలు ప్రేరణ పొందినవారి సగటు 34.5 నుంచి 43.4కు, ఆపిన మూడు వారాల తర్వాత 47.5కు చేరింది. ఉత్తుత్తి ప్రేరణ పొందినవారు వారిని అందుకోలేదు. అయితే చేయీ కాలూ మొత్తం పనితనాన్ని కొలిచే ఫ్యూగల్-మేయర్‌లోనూ, రోజువారీ పనుల బార్తెల్ సూచీలోనూ తేడా రాలేదు. అంటే నిలబడటం, నడవటం మెరుగైంది, చెయ్యి కాదు. చెయ్యి కోసం వెళ్లేవారు ఈ ఫలితం చూసి ఆశపడితే నిరాశే మిగులుతుంది.

ఇక్కడ ఎందుకు పనిచేసిందన్నదే నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోస్తుంది. వీరిలో దెబ్బ తగిలింది పెద్దమెదడుకు, చిన్నమెదడు చెక్కుచెదరలేదు. బాగున్న భాగాన్ని చురుకుపరచి, దాని ద్వారా దెబ్బతిన్న భాగానికి దారి వేశారు. పైగా ప్రేరణ అయిన వెంటనే నేర్చుకోవాల్సిన పని సిద్ధంగా ఉంది. అటాక్సియాలో పరిస్థితి దీనికి ఎదురు: ప్రేరణ ఇవ్వాల్సిన భాగమే జబ్బు పడింది. జపాన్‌లో షిగా బృందం 2002లో వెన్నుపాము-చిన్నమెదడు క్షీణత ఉన్న 74 మందిలో టీఎంఎస్‌తో నిలకడ మెరుగైందని చెప్పింది. ఆసక్తికరమే, కానీ పక్షవాతం ఫలితం పక్కన పెట్టేంత నమ్మకం నాకు దాని మీద లేదు.

ఇబ్బందులు కూడా చెప్పుకోవాలి. చిన్నమెదడు లోతుగా ఉంటుంది కాబట్టి కోణంలో వంచిన రెండు పెద్ద వలయాల కాయిల్ వాడతారు, దాన్ని డబుల్ కోన్ అంటారు. దాని దెబ్బకు మెడ వెనక కండరాలు లాక్కుంటాయి, కొందరికి నొప్పి. మనదేశంలో టీఎంఎస్ యంత్రాలు ఎక్కువగా మానసిక వైద్య విభాగాల్లో, డిప్రెషన్ చికిత్స కోసం పెట్టినవి. వాటి కాయిల్ నుదుటి ఎడమ వైపు కోసం. అమెరికాలో 2008లో అనుమతి వచ్చింది డిప్రెషన్‌కే, అటాక్సియాకు కాదు. అదే కాయిల్‌ను తల వెనకకు తిప్పి పెడితే చిన్నమెదడుకు సరిపడా ప్రేరణ అందుతుందని చెప్పలేం. ఏ కాయిల్ అని తప్పక అడగండి.

టీఏసీఎస్

టీడీసీఎస్ లాంటి పెట్టే, కరెంటు మాత్రం ఇటూ అటూ ఊగుతుంది. ప్రయోగశాలల్లో ఆసక్తి బాగా ఉంది. కానీ 2019లో బెల్జియం పరిశోధకులు కదలికల మీద దీని ప్రభావం కొంత మెదడు ద్వారా కాక చర్మంలోని నరాల ద్వారా కూడా రావచ్చని చూపారు. ఇంటి ఎంపికలో దీన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

వట్టి సాధన

కరెంటు లేని ఈ దారిని చాలామంది చికిత్సగా లెక్కే వేయరు, అది నాకు బాధ కలిగిస్తుంది. 2009లో జర్మనీలో ఇల్గ్ బృందం 16 మంది అటాక్సియా రోగులకు నాలుగు వారాలు, వారానికి మూడు సార్లు, గంట చొప్పున సమన్వయ వ్యాయామాలు చేయించింది. ఒంటి కాలి మీద నిలబడటం, పక్కకు అడుగులు వేయడం, తూలినప్పుడు పడకుండా అడుగు వేయడం, మెట్లెక్కడం వంటివి. స్కోర్లు, నడక మెరుగయ్యాయి. చిన్నమెదడు క్షీణత ఉన్నవారిలో ఎక్కువగా. ఇంట్లో కొనసాగించినవారిలో ఆ లాభం ఏడాది తర్వాతా కనిపించింది. జపాన్‌లో మియాయ్ బృందం 2012లో 42 మందితో నాలుగు వారాల గట్టి సాధన చేయించి ఇలాంటి ఫలితమే చూపింది. దెబ్బతిన్న చిన్నమెదడు కూడా నేర్చుకుంటుంది, నెమ్మదిగా.

ఈ లాభం విలువ తెలియాలంటే జబ్బు వేగం తెలియాలి. సారా అనే స్కోరు 0 నుంచి 40 వరకు ఉంటుంది, పెరిగేకొద్దీ జబ్బు ఎక్కువ. ఎస్‌సీఏ1లో ఇది ఏటా సుమారు 2 పాయింట్లు పెరుగుతుంది, ఎస్‌సీఏ6లో ఒకటి లోపే. కాబట్టి సాధనతో రెండు మూడు పాయింట్లు తగ్గినా, అది ఏడాదికి పైగా వెనక్కి తెచ్చుకున్నట్టే.

ఏ ప్రేరణకైనా ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. తూలుడుకు నయమయ్యే కారణాలు ఉంటాయి: ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ మోతాదు మించడం, మద్యం, థైరాయిడ్ తగ్గడం, విటమిన్ ఈ లోపం, బీ12 లోపం, మెదడులో గడ్డ. వీటిని న్యూరాలజిస్టు పరీక్షించి కాదన్నాకే మిగతా మాటలు. మేనరికాల కుటుంబాల్లో తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ వచ్చే రకం అటాక్సియాలు కనిపించే అవకాశం ఎక్కువ, విటమిన్ ఈ లోపం రకం కూడా వాటిలో ఒకటి. దానికి మందు ఉంది. దాన్ని వదిలేసి కరెంటు పెట్టించుకుంటూ కూర్చుంటే పోయిన కాలం తిరిగి రాదు.

ఎవరికి ఏది

పక్షవాతం వచ్చి, నిలబడటం నడవటం ఇబ్బందిగా ఉంటే: డబుల్ కోన్ కాయిల్, ఐటీబీఎస్ పద్ధతి, వెంటనే ఫిజియోథెరపీ, ఈ మూడూ ఒకేచోట ఉంటే చేయించుకోవడం సబబే. ఫిజియో లేకుండా వట్టి ప్రేరణ అయితే వద్దు. ఫిజియో ఉండి ప్రేరణ లేకపోతే, ఫిజియోనే మనసుపెట్టి చేయించండి.

వంశపారంపర్య అటాక్సియా తొలిదశలో ఉంటే: సాధన మొదలుపెట్టండి. టీడీసీఎస్ పరిశోధనలో చేరే అవకాశం ఉంటే చేరండి. మన దేశంలో జరిగే క్లినికల్ ట్రయల్స్ సీటీఆర్ఐ వెబ్‌సైట్‌లో నమోదై ఉంటాయి, ఎవరైనా వెతకవచ్చు. ట్రయల్ అని చెప్పి మీ దగ్గరే డబ్బు అడిగితే వెనుదిరగండి. జబ్బు ముదిరి మంచం పట్టినవారికి, ప్రయాణం చేయించి ప్రేరణ ఇప్పించాలని నేను ఎవరికీ చెప్పను. వారికి మింగడం, మాట, పడిపోకుండా చూసుకోవడం మీద పెట్టిన శ్రమ ఎక్కువ ఫలిస్తుంది.

ఆరోగ్యంగా ఉండి నైపుణ్యం పెంచుకోవాలంటే వద్దు. ఆన్‌లైన్‌లో దొరికే తలపట్టీలు ఎక్కువగా నుదుటి కోసం చేసినవి. వాటిని తల వెనకకు తిప్పి పెట్టుకుంటే ఏ మడతను రేపుతున్నారో, ఏ మడతను అణుస్తున్నారో ఎవరికీ తెలియదు. పిల్లలకైతే అసలు ప్రయత్నించకండి.

భద్రత విషయంలో టీడీసీఎస్ తేలికే. 2016 నాటికి 33,200 సెషన్ల లెక్క చూసి, 40 నిమిషాలు, 4 మిల్లీఆంపుల లోపు పద్ధతుల్లో తీవ్రమైన హాని నమోదు కాలేదని బిక్సన్ బృందం రాసింది. కానీ అది శిక్షణ ఉన్నవారి చేతుల్లో జరిగినదాని లెక్క. టీఎంఎస్‌లో అరుదుగా ఫిట్స్ రావచ్చు. ఫిట్స్ ఉన్నవారు, తలలో లోహపు క్లిప్పులో చెవి ఇంప్లాంటో ఉన్నవారు, పేస్‌మేకర్ ఉన్నవారు రెండిటికీ ముందు డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఏది ఎంచుకున్నా మొదలుపెట్టే ముందు రోజు ఫోన్‌లో ఒక వీడియో తీసి పెట్టుకోండి: పది అడుగుల నడక, పాదం ముందు పాదం పెట్టి నడవడం, వేలితో ముక్కునూ ఎదుటి మనిషి వేలినీ మార్చి మార్చి తాకడం, మడమను రెండో కాలి మోకాలి కింద ముందువైపు ఎముక మీదుగా కిందికి జార్చడం. డాక్టరుతో సారా స్కోరు రాయించుకోండి. రెండు మూడు వారాల తర్వాత అదే చోట, అదే వేళకు, అదే చెప్పులతో మళ్లీ తీయండి. రెండు వీడియోలనూ ఏది ముందుదో చెప్పకుండా ఫిజియోథెరపిస్టుకు చూపించండి. ఆయనకు తేడా కనిపించకపోతే ప్రేరణ ఆపేసి, ఆ డబ్బునూ ప్రయాణపు సమయాన్నీ రోజూ చేసే వ్యాయామానికి మళ్లించండి.